తీతువు సాక్ష్యం

తీతువు పిట్ట ఇంటిమీదుగా అరుచుకుంటూ పోతే ఆ ఇంట్లో ఎవరికో మూడిందని కైకలూరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. అది ఎవర్ని చూసి అరుస్తోందో కనిపెడితే మాత్రం గ్రాంటు వస్తుందని తనూజ చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు.

తనూజ కొల్లేటి రెక్కల సంఘంలో శాస్త్రవేత్త. పక్షుల్నీ, అవి వాలే నేలనీ కాపాడటం సంఘం పని. పేరు ముందు డాక్టరని రాసుకునే అర్హత సంఘం మొత్తానికి ఆమె ఒక్కదానికే ఉంది కాబట్టి, ఎవరికి దగ్గొచ్చినా ఆమెనే మందడిగేవారు. ఆ దగ్గులకి సమాధానం చెబుతూనే, ఆఫీసు వెనకగదిలో మూడేళ్ళు కష్టపడి ఒక పెట్టె తయారుచేసింది. చూడ్డానికి మూడు గిన్నెల క్యారేజీలా ఉంటుంది. దాన్ని వెదురుకర్రకి కట్టి నాలుగో గట్టు మీద పాతారు. ఆఫీసు హాల్లో దేవుడి పటం కింద దానికి జోడుగా ఒక స్పీకరు పెట్టారు. గట్టు మీద తీతువు దేన్ని చూసి అరిస్తే ఆ సంగతి స్పీకరు తెలుగులో చెబుతుంది. చెప్పే గొంతు అకౌంటెంటు భ్రమరాంబది. ఆపకుండా మాట్లాడగలిగే శక్తి ఆవిడకే ఉందని తనూజ ఆవిడచేత ఒక పూటంతా మాటలు చెప్పించి రికార్డు చేసుకుంది.

“కుక్క,” అంది స్పీకరు, మొదటిరోజు.

ఫీల్డు మేనేజరు దక్షిణామూర్తి మేడమీదకి పరిగెత్తి, బైనాక్యులర్స్ పెట్టుకుని గట్టుకేసి చూశాడు. “కుక్కేనండీ! గోధుమరంగుది!”

“పాము.”

“పాము కనబడట్లేదండీ,” అని కేకేసి, కాసేపాగి, “ఆఁ ఆఁ, పామే. వెనకాల ముంగిస కూడా వస్తోంది,” అన్నాడు.

“ముంగిస,” అంది స్పీకరు, నువ్వు చెప్పేదేంటన్నట్టు.

సంఘం అధ్యక్షుడు జోగారావు చప్పట్లు కొట్టాడు. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాక పక్షుల మీద ప్రేమ పుట్టినవాడు. అంతకుముందు పుట్టడానికి టైము దొరకలేదట.

“అంతే కాదండీ,” అంది తనూజ. “మనిషిని చూసి మనిషని ఊరుకోదు. ఏ మనిషో కూడా చెప్పుకుంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో కూత. అదుగో భ్రమరాంబగారు వస్తున్నారని మనం సర్దుకుంటాం చూడండి, అలాగ.”

“నేనొస్తే సర్దుకోడమేంటమ్మా?” అంది భ్రమరాంబ.

ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. తీతువు తమనేమని పిలుస్తోందో తెలుసుకోవాలని అందరికీ ఒకేసారి కోరిక పుట్టింది. గొడుగులు, మజ్జిగ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు పట్టుకుని గట్టుమీదకి బయల్దేరారు. ఏప్రిల్ ఎండ. ఒక్కొక్కరే పిట్టల ముందు అటూ ఇటూ నడిచారు. నచ్చనివాళ్ళు మళ్ళీ నడిచారు, పాస్‌పోర్టు ఫొటో బాగా రాలేదని ఇంకోటి తీయించుకున్నట్టు.

జోగారావుని చూసి తీతువు మూడు ముక్కలుగా అరిచింది. “అధ్యక్షులవారు అన్నట్టు లేదూ?” అని ఆయన పొంగిపోయి, ఆ కూతని తన సెల్‌ఫోనుకి రింగుటోనుగా పెట్టించుకున్నాడు. ఆడకూతురు కదా, తనని చూసి కాస్త మెత్తగా అరిచిందని భ్రమరాంబ తేల్చేసుకుంది. కాపలా చూసే నాంచారయ్య మాత్రం, “ఆయ్, నన్ను చూసి రోజూ అరుత్తానే ఉంటాదండి. ఇయ్యాల కొత్తేంటండి?” అని బీడీ వెలిగించుకున్నాడు.

దక్షిణామూర్తి వంతు వచ్చేసరికి తనూజ స్క్రీనుకేసి చూస్తూ నీళ్ళు నమిలింది.

“మీ కూత... నక్క కూతకి దగ్గరగా ఉందండీ.”

“ఎంత దగ్గర?”

“పెట్టె ముందు నక్కనే చెప్పింది. నేను దిద్దాను.”

దక్షిణామూర్తికి యాభై రెండేళ్ళు. అందులో పద్దెనిమిదేళ్ళు సంఘంలో పనిచేశాడు. అనుమానించడం మాత్రం మొత్తం యాభై రెండేళ్ళూ చేశాడు. పుచ్చకాయ కొంటే ముక్క కోసి చూపించమంటాడు. కోసి చూపిస్తే, మరీ ఇంత ఎర్రగా ఉందేమిటని ఇంకోటి కోయిస్తాడు. పక్కింటివాళ్ళు పాయసం పంపిస్తే, భార్య వనజాక్షి గిన్నె కడిగి తిరిగిచ్చేలోగా వాళ్ళకి మనతో ఏం పని పడిందో ఊహించి పెడతాడు. అలాంటి మనిషిని పట్టుకుని, పద్దెనిమిదేళ్ళుగా తను కాపాడుతున్న పిట్ట నక్క అంది. ఆ పూట అన్నం సయించలేదు.

“నక్కంటే తక్కువేం కాదండి బాబు,” అని మర్నాడు మధ్యాహ్నం నాంచారయ్య ఓదార్చాడు. వాళ్ళిద్దరూ రోజూ ఆఫీసు వసారాలో కలిసి భోంచేస్తారు. దక్షిణామూర్తి క్యారేజీలో బీరకాయ ఉంటుంది, నాంచారయ్య గిన్నెలో కొర్రమేను పులుసు ఉంటుంది. తినడం మొదలెట్టిన కాసేపటికి బీరకాయ నాంచారయ్య ముందు, కొర్రమేను దక్షిణామూర్తి ముందు ఉంటాయి. “నక్కకి తెలివుంటాదండి. నన్నేవన్నాదో చూశారా? గేదె పక్కన పెట్టిందండి.”

దక్షిణామూర్తి ముల్లు తీసుకుంటూ నవ్వాడు. అనుమానించకుండా ఆయన నోట్లో పెట్టుకునేది లోకంలో ఆ పులుసొక్కటే.

*

నాలుగో గట్టుకి అవతలున్న పన్నెండెకరాలూ కనకరాజుగారి చేపల చెరువు. కిందటేడు పక్షుల పండగ సభలో, భుజం మీద శాలువా, చేతిలో మైకు పడేసరికి ఆయన ఒళ్ళు మరిచిపోయాడు. “ఒక్క సీజను చెరువు ఎండగడతాను. గట్టుమీద ఒక్క పిట్ట గుడ్లు పొదిగి, ఒక్క పిల్ల నా కళ్ళముందు నడిస్తే చాలు, ఈ నేల మీ సంఘానికి రాసిచ్చేస్తాను. లేదంటే జూన్లో నీళ్ళు పెట్టి చేపపిల్ల వదులుకుంటాను,” అన్నాడు. వేదిక దిగాక తనెందుకలా అన్నాడో ఆయనకే అర్థం కాలేదు. కానీ అప్పటికే ఆ మాట నియోజకవర్గంలో ప్రతి సెల్‌ఫోన్లోనూ ఉంది.

గట్టుమీద తీతువులు నాలుగుచోట్ల గుడ్లు పెట్టాయి. వాటిని గూళ్ళనడం మర్యాదకే. గులకరాళ్ళ మధ్య చిన్న గుంట, అందులో రాళ్ళలాగే ఉండే నాలుగు గుడ్లు. సంఘం ఆశలన్నీ ఆ గుంటల్లోనే ఉన్నాయి.

పెట్టె సంగతి ఊళ్ళో పొక్కింది. భ్రమరాంబ చెల్లెలి కుటుంబం గుడివాడ నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి, తీతువుచేత ఒక్కొక్కరూ పిలిపించుకుని వెళ్ళారు. జోగారావు వియ్యంకుడికి వచ్చిన కూత జోగారావు కూత కన్నా పొడుగ్గా ఉందని ఆ రెండు కుటుంబాలకీ మాటలు తగ్గాయి. ఆ వారంలోనే మొదటి గూడు ఖాళీ అయింది.

“కుక్క తిని ఉంటుంది,” అన్నాడు జోగారావు.

“కుక్క వచ్చినట్టు పెట్టె చెప్పలేదండీ,” అంది తనూజ. “పాము, ముంగిస, కాకి ఏదీ లేదు. రోజంతా మనిషి, మనిషి, మనిషి.”

చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆపేశారు. గట్టు మొదట్లో బోర్డు పెట్టారు. వారం తిరక్కుండా రెండో గూడూ ఖాళీ అయింది. ఈసారి స్పీకరు చెప్పిన మాట వేరు. భ్రమరాంబ గొంతుతో, ఎంతో చనువుగా, రోజుకి పాతికసార్లు చెప్పింది.

“తెలిసిన మనిషి.”

“అంటే?” అన్నాడు జోగారావు.

“అంటే పిట్టకి ఇదివరకే కూత ఉన్న మనిషి,” అంది తనూజ. “అంటే మనలో ఒకరు.”

ఆ రోజు నుంచి ఆఫీసులో టీలు చల్లారిపోవడం మొదలైంది. ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి తాగారు. కనకరాజుగారికి ఎవరో అమ్ముడుపోయారు. భ్రమరాంబ ఇంట్లో కొత్త ఫ్రిజ్ వచ్చిందని జోగారావు కనుక్కున్నాడు. జోగారావు అల్లుడు చేపల మేత వ్యాపారంలోకి దిగాడని భ్రమరాంబ కనుక్కుంది. దక్షిణామూర్తి ఆ రెండూ కనుక్కుని, అవి తనకెందుకు ఇంత తేలిగ్గా తెలిశాయని అనుమానపడ్డాడు. తనూజ మాత్రం వెనకగదిలో కళ్ళు మెరిసిపోతూ కూర్చుంది. మనుషుల కూతల మీద ప్రపంచంలో ఎవరికీ ఇంత సరంజామా దొరకలేదట. “ఈ పెట్టె పిట్ట భయపడితేనే వింటుందండీ. భయంలేని పిట్ట దానికి మూగ కిందే లెక్క. ఇప్పుడు చూడండి, తెరిపి లేదు!” అని దక్షిణామూర్తితో సంబరంగా చెప్పింది.

దొంగని తనే పట్టుకోవాలని దక్షిణామూర్తి నిర్ణయించుకున్నాడు. రోజూ మధ్యాహ్నం, ఎవరూ ఉండరని అందరూ అనుకునే వేళకి, తలమీద తడితువ్వాలు కప్పుకుని గట్టుమీద సర్కారు తుమ్మ పొదలో దూరేవాడు. తీతువులు నెత్తిమీద గిరికీలు కొడుతూ దుమ్మెత్తిపోసేవి. పోస్తే పోయనీ అనుకునేవాడు. మూడోరోజు పక్క పొద దగ్గింది.

“ఎవరది?”

పొదలోంచి గొడుగూ, గొడుగు కింద భ్రమరాంబా బయటికొచ్చారు.

“మీరా?” అంది ఆవిడ.

“మీరా?” అన్నాడు ఆయన.

“కాస్త ప్రకృతి చూద్దామని వచ్చానండీ.”

“నేనూ అంతేనండీ. బాగుంది కదా, ప్రకృతి.”

ఇద్దరూ తుమ్మముళ్ళు పీక్కుంటూ ప్రకృతిని మెచ్చుకుంటున్నారు. ఇంతలో తూము వెనకనుంచి ఒక తీతువు మూడు ముక్కలుగా, లయ తప్పకుండా అరిచింది. ఆపి, మళ్ళీ అచ్చం అలాగే అరిచింది. గాల్లో ఉన్న అసలు తీతువులు ఆశ్చర్యపోయి ఒక్క క్షణం నోరు మూశాయి. మూడోసారి సగంలో ఎవరో దాని నోరు నొక్కేశారు.

“అధ్యక్షులవారి ఫోను,” అంది భ్రమరాంబ గుసగుసగా.

ముగ్గురూ ఆ సంగతి ఆఫీసులో ఎత్తలేదు. ముగ్గురూ మర్నాడు మళ్ళీ వెళ్ళారు, పొదలు మార్చుకుని.

“రోజూ మధ్యాహ్నం ఎక్కడికెళ్తున్నారు?” అని వనజాక్షి అడిగింది. “ఆఫీసుకి ఫోన్ చేస్తే లేరంటున్నారు.”

“గట్టుమీదకి. పిట్టల్ని చూడ్డానికి.”

“పద్దెనిమిదేళ్ళలో మిట్టమధ్యాహ్నం ఎండలోకి వెళ్ళని మనిషి, ఇప్పుడు పిట్టల్ని చూడ్డానికి పౌడరు రాసుకుని వెళ్తున్నారా?”

“చెమటపొక్కుల పౌడరే అది.”

“ఆ తనూజ చేసిన పెట్టె మన గుమ్మానికీ ఒకటి కట్టించండి. మీరు వచ్చినప్పుడు పక్కింటి పిల్లి ఏమంటుందో వింటాను,” అని ఆవిడ ఆయన చొక్కా వాసన చూసింది. తుమ్మపూల వాసన వచ్చింది. ఆవిడ అనుమానం ఇంకొంచెం బలపడింది.

*

రెండో గూడు పోయిన వారానికి జోగారావు మీటింగు పెట్టాడు.

“గుడ్లు కాళ్ళొచ్చి నడిచిపోవు కదా,” అన్నాడు. “తనూజా, ఆ తెలిసిన మనిషి ఎవరో నీ పెట్టె చెప్పదా?”

“చెబుతుందండీ. ఎన్నిసార్లు ఎవరెవరు వెళ్ళారో అందరి పేర్లూ చెబుతుంది.”

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురూ కుర్చీల్లో కదిలారు. భ్రమరాంబ పమిట సర్దుకుంది. దక్షిణామూర్తి చొక్కాకున్న ముల్లు తీసి జేబులో వేసుకున్నాడు.

“అందరివీ ఎందుకులే,” అన్నాడు జోగారావు తొందరగా. “అందరికంటే ఎక్కువసార్లు ఎవరిదో ఆ ఒక్క పేరూ చెప్పు.”

“నాంచారయ్య.”

అందరూ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ నాంచారయ్యకి ఊపిరాడలేదు. “కాపలా వోడి పేరు రాక ఇంకెవరి పేరొత్తాదండి? రోజంతా ఆ గట్టు మీద తిరగమన్నది తవరే కదండి?”

“కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలయ్యా?” అన్నాడు జోగారావు. “దక్షిణామూర్తిగారూ, మీరు రోజూ పక్కనే కూచుని తింటారు కదా. అనుమానించేలా ఏదైనా చూశారా?”

దక్షిణామూర్తి చూశాడు. మొన్న సంతరోజున నాంచారయ్య కనకరాజుగారి మోటారుసైకిలు వెనకాల కూచుని, ఆయన భుజంమీద చెయ్యేసి వెళ్తుంటే చూశాడు. అది చెప్పక్కర్లేదని ఒక మనసు చెప్పింది. చెప్పకపోతే నీకూ వాటా ఉందనుకుంటారని ఇంకో మనసు చెప్పింది. రెండో మనసుకి ఆయన దగ్గర పలుకుబడి ఎక్కువ.

“కనకరాజుగారి బండి మీద చూశానండీ,” అన్నాడు.

“సైకిలు టైరు పేలిపోయిందండి!” అన్నాడు నాంచారయ్య. “బాగుచేయించమని బ్రమరాంబగోర్ని అడిగితే కాయితం పెట్టమన్నారండి. నడిచొత్తంటే ఆయనే ఆపి ఎక్కించుకున్నారు. గతుకుల్లో పడిపోతానని బుజం పట్టుకున్నానండి బాబు!”

అంత వివరంగా చెబుతున్నాడంటే ముందే కూడబలుక్కుని వచ్చాడని భ్రమరాంబ అంది. పనిలోంచి తీసేశారు.

నాంచారయ్య ఖాకీ చొక్కా విప్పి మడతపెట్టి బల్లమీద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ దక్షిణామూర్తి దగ్గర ఆగాడు.

“ఉన్నమాటే చెప్పారండి మూర్తిగోరు. అబద్దం ఆడలేదు.”

తిడితే బాగుండేదనిపించింది. మర్నాడు దక్షిణామూర్తి బీరకాయ మొత్తం తనే తిన్నాడు. ఆ మర్నాడు సొరకాయ. ఇక సంఘం పెట్టే కూడు లేదు కాబట్టి, నాంచారయ్య కనకరాజుగారి ఇంకో చెరువు మీద కాపలాకి చేరాడు. “చూశారా, నేను చెప్పలా?” అన్నాడు జోగారావు.

దొంగ వెళ్ళిపోయాక కూడా మూడో గూడు ఖాళీ అయింది.

అంటే నాంచారయ్యకి లోపలి మనిషి ఇంకొకరున్నారన్నమాట. ఇక ఒక్కటే గూడు మిగిలింది. జోగారావు ఉత్తర్వు వేశాడు: పొద్దున్నుంచి సాయంత్రందాకా నాలుగో గూటి దగ్గర మనిషి కదలకుండా ఉండాలి. ఒక్కరుంటే నమ్మకం లేదు కాబట్టి ఇద్దరుండాలి, ఒకరు గుడ్లని చూస్తూ, రెండోవారు మొదటివార్ని చూస్తూ. డ్యూటీ మారినప్పుడల్లా కొత్తగా వచ్చినవాళ్ళు వంగి గుడ్లు తడిమి, నాలుగూ ఉన్నాయని గట్టిగా చెప్పాలి.

*

ఆ మధ్యాహ్నం దక్షిణామూర్తీ, జోగారావూ డ్యూటీకొచ్చారు. దిగవలసిన భ్రమరాంబ దిగలేదు. మగవాళ్ళిద్దరూ కలిసిపోతే ఎలాగని ఆవిడ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూచుంది. గట్టుమీద ఎండ గవ్వల్ని వేయిస్తోంది. ఆవిడతో డ్యూటీ దిగిన తనూజ ఆఫీసులో ఒక్కతే ఉంది, స్పీకరు ముందు.

దక్షిణామూర్తి వంగి గుడ్డుమీద చెయ్యి పెట్టాడు. చటుక్కున తీసేశాడు. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు తగిలే సెగలాంటిది తగిలింది. అనుమానం కొద్దీ ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల ఎవరో గోటితో గోడ గీకుతున్నట్టు టిక్కు టిక్కుమంది. తర్వాత, నీరసంగా, చిన్న కీచు.

పిల్ల. ఇవాళ పొద్దు వాలేలోగా బయటికి రావలసిన పిల్ల.

అప్పుడే తల్లి తీతువు ఎండిన చెరువు మధ్యలో మిగిలిన మడుగులోంచి లేచి వచ్చింది. రొమ్ము ఈకలు తడుపుకుని నీళ్ళు కార్చుకుంటూ వచ్చి పది బారల దూరంలో వాలింది. రెండడుగులు ముందుకేసింది. ముగ్గురు మనుషులు, మూడు గొడుగులు. గొంతు చించుకుని అరిచి లేచిపోయింది. గాల్లో తిరిగింది. రొమ్ము మీద నీళ్ళు ఆరిపోయాయి. మళ్ళీ మడుగుకి వెళ్ళింది. మళ్ళీ తడుపుకుని వచ్చింది. మళ్ళీ ఆరిపోయింది.

దక్షిణామూర్తికి సంఘం కరపత్రం గుర్తొచ్చింది. “వేసవి మధ్యాహ్నాల్లో నేలగూళ్ళ దగ్గర నిలబడరాదు. తల్లి నీడలేని గుడ్డు ఎండకి ఉడికిపోతుంది.” ఇది ఆయన రాసిందే. ఏటా వెయ్యి కాపీలు అచ్చువేసి ఊరూరా పంచుతారు. అయితే అది ఊళ్ళోవాళ్ళకోసం రాసింది. సంఘంవాళ్ళు చదవాలని ఎవరికీ తోచలేదు.

గుడ్లని ఎవరూ ఎత్తుకుపోలేదు. ముందు చూడ్డానికి వచ్చినవాళ్ళ నీడలూ, తర్వాత దొంగ కోసం కాపు కాసినవాళ్ళ నీడలూ చూసి తల్లులు లేచిపోతే గుడ్లు ఉడికిపోయాయి. విసిగి తల్లులు వదిలేశాక ఏ కాకులో తిన్నాయి. చచ్చిన గుడ్డు కోసం ఏ తల్లీ అరవదు కాబట్టి కాకి సంగతి పెట్టెకి తెలియలేదు.

“అధ్యక్షులుగారూ,” అన్నాడు, “మనం ఇక్కణ్ణించి వెళ్ళిపోవాలండీ. ఇప్పుడే. ముగ్గురమూ. దొంగ ఎవరూ లేరు, మన వల్లే పిట్ట గుడ్లమీద కూచోలేకపోతోంది. మనం వెళ్తే చాలు.”

జోగారావు ఆయన్ని కిందనుంచి మీదకి చూశాడు. బ్యాంకులో లోనడిగినవాళ్ళని చూసే చూపు అది.

“గట్టుమీద ఎవరూ ఉండకూడదంటారు.”

“అవునండీ.”

“ఎవరూ లేకపోతే ఎవరికి లాభం, దక్షిణామూర్తిగారూ?”

“పిట్టకండీ!”

“నేనప్పుడే అనుకున్నాను,” అంది భ్రమరాంబ వెనకనుంచి. “ఆ రోజు పొదలో దొరికినప్పుడే అనుకున్నాను. ప్రకృతట.”

“మీరూ పక్క పొదలోనే ఉన్నారు కదండీ!”

“నేను మిమ్మల్ని చూడ్డానికి వచ్చాను. మీరు దేన్ని చూడ్డానికొచ్చారు?”

ఆవిడ స్థానంలో తనుంటే దక్షిణామూర్తి సరిగ్గా ఇదే అడిగేవాడు. ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువే అడిగేవాడు. అనుమానానికి నిజం చెబితే అది ఇంకా బలుస్తుందని ఆయనకన్నా బాగా తెలిసినవాడు జిల్లాలో లేడు. దానికి కావలసింది నిజం కాదు. దానికి కావలసింది దొంగ.

తీతువు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అరిచింది. గుడ్లలో ఇంకా టిక్కుమంటోందో లేదో.

“సరేనండీ,” అన్నాడు. “నేనే.”

“ఏది మీరే?”

“గుడ్లు తీసింది నేనే. మూడు గూళ్ళూ నేనే.”

భ్రమరాంబ కుర్చీలోంచి లేచింది. జోగారావు నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ వెతికిన దొంగ ఇంత సుళువుగా దొరికేసరికి ఆయన కాస్త చిన్నబోయాడు కూడా.

“కనకరాజు ఏమిచ్చాడు?”

“ఆయనకేం సంబంధం లేదండీ. తినడానికి తీశాను.”

“తినడానికా?”

“షుగరుకి మంచిదన్నారండీ. తీతువు గుడ్డు పరగడుపున తింటే షుగరు చేత్తో తీసేసినట్టు పోతుందని వాట్సాప్‌లో వచ్చింది.”

అంతవరకూ కాస్త సందేహంగా చూస్తున్న ఇద్దరి మొహాలూ ఆ మాటతో తేటపడ్డాయి. ఇంతకన్నా నమ్మదగిన కారణం వాళ్ళు జన్మలో వినలేదు.

“తగ్గిందా?” అంది భ్రమరాంబ.

“ఇక్కడ కాదు!” అన్నాడు జోగారావు. “ఒక్క ముక్క కూడా ఇక్కడ చెప్పడానికి వీల్లేదు. ఆఫీసుకి పదండి. సభ్యుల సమక్షంలో చెప్పాలి, మినిట్స్ రాయాలి.”

“మరి గట్టుమీద ఎవరుంటారండీ?” అంది భ్రమరాంబ, తను మాత్రం ఉండేది లేదన్న గొంతుతో.

“దొంగ దొరికాక కాపలా ఎందుకమ్మా?”

దక్షిణామూర్తి అందరికన్నా ముందు నడిచాడు. వాళ్ళు పరిగెత్తి అందుకోవలసి వచ్చింది.

*

హాల్లో స్పీకరు ఇంకా చెబుతూనే ఉంది. “తెలిసిన మనిషి. తెలిసిన మనిషి.” జోగారావు పెద్ద కుర్చీలో కూచుని మినిట్స్ పుస్తకం తెరిచాడు. తనూజ వెనకగదిలోంచి వచ్చి, ఏం జరుగుతోందో అర్థంకాక గోడకానుకుని నిలబడింది. భ్రమరాంబ చేతిలో ఫోను వెలుగుతోంది. తెరమీద వనజాక్షి పేరు దక్షిణామూర్తికి కనిపించింది. అవతల ఫోను ఎత్తినట్టే ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళడమెలాగో తర్వాత ఆలోచించుకోవచ్చు. ఇంకో ఇల్లు ఏమైనా దొరుకుతుందేమో కూడా.

“ముందుగా ఒకటి రాసుకోండి,” అన్నాడు. “నాంచారయ్యకి దీంతో ఏ సంబంధమూ లేదు. బండి మీద చూసిన మాట నిజమే. దానర్థం నేను కల్పించింది.”

జోగారావు కలం కాసేపు ఆగింది. రాయక తప్పలేదు. దొంగ మాటని నమ్మాలంటే మొత్తం నమ్మాలి కదా.

“రాశాను. నాంచారయ్యకి రేపు కబురు పెడతాం. మిమ్మల్ని ఇవాళ్టినుంచే తీసేస్తున్నాం. ఇక చెప్పండి.”

“తెలిసిన...” అని స్పీకరు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

హాలు నిశ్శబ్దమైంది. పెట్టె బిగించిన రోజునుంచీ ఆ హాల్లో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. తనూజ స్పీకరు దగ్గరికెళ్ళి వైరు ఊడిందేమోనని లాగి చూసింది. ఊడలేదు. చెవి ఆనించింది. లోపలినుంచి ఏదో సన్నగా వస్తోంది. అరుపు కాదు. పొయ్యిమీద పాలు కాగబోయే ముందు చేసే చప్పుడులా, తనలో తను ఏదో చెప్పుకుంటున్నట్టుగా ఉంది. మూడేళ్ళలో పెట్టెకి ఎన్నో మాటలు నేర్పింది. ఈ కూతకి మాట లేదు. ఇది ఎప్పుడూ వినలేదు.

ఆమె మెల్లగా తలెత్తి హాలంతా చూసింది. అధ్యక్షుడు ఇక్కడున్నాడు. అకౌంటెంటు ఇక్కడుంది. ఫీల్డు మేనేజరు, చెమటతో తడిసిన చొక్కాతో, కిటికీలోంచి గట్టుకేసే చూస్తున్నాడు. అక్కడ ఎవరూ లేరు. నీ పెట్టె పిట్ట భయపడితేనే వింటుంది అని ఎవరో తన మాటే తనకి చెప్పినట్టయింది. ఇది భయం తీరి గుడ్లమీద కూచున్న తల్లి కూత.

“షుగరుకని తీశానండీ,” అని దక్షిణామూర్తి చెబుతున్నాడు. “మూడు గూళ్ళూ తీశాను. తప్పయిపోయింది. అంతే.”

“అంతేనా?” జోగారావు కలం మూత పెట్టబోయాడు. “అయితే పదండి, ఆ మిగిలిన గూడు ఉందో లేదో ఓసారి చూసి...”

“అంతేంటండీ?” అంది తనూజ గట్టిగా. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె వెళ్ళి వీధితలుపు మూసి గడియ పెట్టి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచుంది. “ఇలా పైపైన చెబితే రేపు గ్రాంటువాళ్ళకి ఏం చెప్పుకోవాలి? మూడు గూళ్ళూ విడివిడిగా చెప్పాలి. ఎప్పుడు తీశారు, ఎలా తీశారు, ఎలా వండారు, ఎలా తిన్నారు. ఏదీ వదలకండి మూర్తిగారూ. నిదానంగా చెప్పండి.”

దక్షిణామూర్తి ఆమెకేసి చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. జీవితంలో మొదటిసారి ఆయన ఎదుటి మనిషిని ఎందుకని అడగలేదు.

“మొదటి గూడు,” అన్నాడు. “ముందు ఉల్లిపాయలు సన్నగా తరుక్కోవాలండీ.”

భ్రమరాంబ కుర్చీ దగ్గరగా జరుపుకుంది. జోగారావు కొత్త పేజీ తిప్పాడు. బయట ఎండ ఇంకా నిప్పులు చెరుగుతోంది. పొద్దు వాలేదాకా చెప్పడానికి దక్షిణామూర్తి దగ్గర మూడే మూడు గూళ్ళున్నాయి.